మాట కోసం వెదికిన నటుడు – బళ్ళారి రాఘవ

మౌలాలి రైల్వే క్వార్టర్లలో కొందరు కార్మికులు ఒక నాటిక తయారు చేసుకుంటుంటే చూడటానికి వెళ్ళాను. షెడ్డులో డ్యూటీ దిగి, ఇంత టీ తాగి వచ్చి, హాలులో బెంచీలు పక్కకు జరిపి రిహార్సలు మొదలుపెట్టారు. అందులో ఒక కుర్రవాడిది పనిలోంచి తీసేసిన కూలీ పాత్ర. మనిషి చురుకైనవాడే. కాని నోరు తెరిస్తే చాలు, ప్రతి వాక్యం చివరా ఒక దీర్ఘం తీస్తున్నాడు. కోపం వచ్చిన చోట గొంతు ఆకాశానికి ఎక్కుతున్నది. దుఃఖం వచ్చిన చోట వణుకుతున్నది. నాటిక వచనంలోనే ఉంది. అతని గొంతులో మాత్రం పద్యం వినిపిస్తున్నది.

గుంతకల్లు వైపు చాలాకాలం పనిచేసి రిటైరయిన పెద్దాయన ఒకరు మూల కూర్చుని చూస్తున్నారు. ఆయన ఉండబట్టలేక అన్నారు: "ఒరే అబ్బాయ్, నీకు నిజంగానే పని పోతే ఇంటికెళ్ళి మీ అమ్మతో ఇట్లాగే చెబుతావా? రాగం మాని మాట్లాడు. బళ్ళారి రాఘవగారు ఏనాడో చేసి చూపించిన సంగతిది."

"ఆయనెవరు బాబాయ్?" అన్నాడు కుర్రవాడు.

"పెద్ద నటుడు" అని పెద్దాయన ఊరుకున్నారు.

ఆ కుర్రవాణ్ణి తప్పు పట్టలేము. సాహిత్య విద్యార్థులనే అడిగి చూడండి. మహానటుల జాబితాలో రాఘవ పేరు చెప్పగలరు. ఆ పేరు ఎందుకు నిలిచిందో చెప్పమంటే తడబడతారు. పేరు మిగిలింది, చేసిన పని మరుగున పడింది. రంగస్థల నటుడి గతి సహజంగా అంతేనని మనం సరిపెట్టుకుంటాము. తెర పడిన మరుక్షణంలో అతని కళ గాలిలో కలిసిపోతుంది గదా అంటాము. అది నిజమే కాని, సగం నిజం. రెండో సగం రచయితలకు సంబంధించింది. రాఘవ జీవితాన్ని పరిశీలిస్తే తేలే విషయం ఒకటుంది: ఒక భాషలో నటుడు ఎంత ఎత్తుకు ఎదగగలడో నిర్ణయించేది అతని ప్రతిభ ఒక్కటే కాదు, ఆ భాషలోని రచయితలు అతని నోటికి ఇచ్చిన మాట కూడా. ఈ వ్యాసం ఆ సంగతిని వివరించడానికే.

1880: ఒక కాకతాళీయం

రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో జన్మించారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో బళ్ళారి జిల్లాను విడదీసి ఏర్పాటు చేశారు. కనుక పుట్టుకతోనే ఆయన బళ్ళారి జిల్లావారు.

అదే 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకాలు ఆడించారు. ఆధునిక తెలుగు రంగస్థలానికి అది తొలి అడుగు అంటారు. ధార్వాడ నాటక సమాజంవారు తెలుగు పట్టణాలలో డేరాలు వేసి మనవారికి నాటకం మీద మోజు పుట్టించింది కూడా ఆ కాలంలోనే. అంటే రాఘవ, ఆధునిక తెలుగు నాటకం, ఈ ఇద్దరూ ఈడువారు. ఒకే కాలంలో పుట్టి, కలిసి పెరిగి, ఒకరితో ఒకరు పేచీ పడ్డారు.

బళ్ళారి ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రంలోని దత్తమండలాలకు ముఖ్య పట్టణం. తెలుగూ కన్నడమూ కలగలిసిన ఊరు. ఉర్దూ కూడా వీధిలో వినిపించే ఊరు. ఇంగ్లీషు చదువులూ, కోర్టులూ, దండు ఉండటం వల్ల వకీళ్ళు, ఉద్యోగులు, ఉపాధ్యాయులతో కూడిన ఒక కొత్త మధ్యతరగతి అక్కడ తయారైంది. నాటకం ఆ తరగతి సృష్టి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరసవినోదినీ సభ స్థాపించారు. ఆయన వకీలు. ఆయనకు పోటీగా సుమనోరమ సభను నడిపిన కోలాచలం శ్రీనివాసరావు, ఆయనా వకీలే. ఒకే ఊళ్ళో, ఒకే కోర్టులో ప్లీడర్లుగా ఉంటూ ఈ ఇద్దరూ తెలుగు నాటకాన్ని రెండు దారులు పట్టించారు. ధర్మవరంవారు పురాణ కథలను తీసుకుని పాటతో, పద్యంతో, విషాదాంతంతో జనరంజకం చేశారు. కోలాచలంవారు చరిత్రను రంగం మీదికి తెచ్చారు.

ధర్మవరంవారు రాఘవకు స్వయానా మేనమామ. కుర్రవాడు పన్నెండో ఏటికే ముఖాన రంగు పూసుకున్నాడు. ఇంట్లోనే నాటక సమాజం ఉండగా అందులో ఆశ్చర్యం లేదు.

మేనమామ బాట, మేనల్లుడి బాట

తెలుగు రంగం మీద పాత్రలు పద్యాలను రాగయుక్తంగా పాడే పద్ధతికి గట్టి పునాది వేసినవారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ముఖ్యులు. ఆంధ్ర నాటక పితామహుడని లోకం ఆయనను గౌరవించింది. ఆయన 'భక్త ప్రహ్లాద' నాటకమే తరువాత 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీకి ఆధారమైంది. అంటే మన నాటకమూ, మన సినిమా కూడా మొదట పాడుతూ నోరు విప్పినవి.

ఆ పద్ధతి ఎందుకు నిలదొక్కుకున్నదో తెలుసుకోకుండా దాన్ని తిట్టడం విమర్శ కాదు. మైకులు లేని రోజులు. వేలమంది కూర్చున్న పందిట్లో చివరివాడికి వినపడాలంటే మాట కంటే పాట సులువు. చదువురాని జనానికి పద్యం నోటికి పట్టేది. హరికథ, తోలుబొమ్మలాట, యక్షగానం విని పెరిగిన చెవులవి. ఈ కారణాలన్నీ నిజమే. కాని 1910, 20 దశకాలకు వచ్చేసరికి పద్యం నాటకానికి సేవకుడుగా ఉండటం మాని యజమాని అయింది. చావబోతున్న పాత్ర లేచి పద్యం పాడటం, హాలు "వన్స్ మోర్" అంటే చచ్చినవాడు మళ్ళీ లేచి పాడటం మన రంగస్థలం మీద వింత కాకుండా పోయింది. కాంట్రాక్టరు ఒక్కొక్క ఊరి నుంచి ఒక్కొక్క పేరుమోసిన నటుణ్ణి పిలిపించి, రిహార్సలు లేకుండా ఒకే నాటకంలో నిలబెట్టేవాడు. ఇద్దరు ముగ్గురు కృష్ణులు అంకాలు పంచుకునేవారు. గొంతుకు ధర పలికింది. నాటకం గొంతుల పోటీ అయింది.

ఈ పరిస్థితిలో రాఘవ ఎదురీదారు. ఆయన నమ్మినది చెప్పడానికి తేలిక: నటుడు పాత్రను అనుభవించి చూపాలి; పాట కచేరీలో పాడుకోవచ్చు. అందువల్ల ఆయన పద్యాన్ని వీలైనంత తగ్గించారు. ఉంచిన పద్యాన్ని రాగం సాగదీయకుండా, అర్థం తెగకుండా, మాటకు దగ్గరగా చెప్పారు. చెప్పే మాట కంటే ముందు కళ్ళలో భావం కదలాలన్నారు. ఎదుటి పాత్ర మాట్లాడుతున్నప్పుడు వినడం కూడా నటనలో భాగమే అని చేసి చూపారు. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే, వాచికం ఒక్కటే రాజ్యమేలుతున్న రంగం మీద సాత్వికానికి స్థానం అడిగారు.

ఇది ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? ఒక కారణం షేక్స్పియరు. మద్రాసులో క్రైస్తవ కళాశాలలో చదివి, లా పూర్తిచేసి వచ్చి, ఆయన బళ్ళారిలో షేక్స్పియర్ క్లబ్బు పెట్టారు. షైలాకు, ఒథెల్లో, హామ్లెట్, మాక్బెత్ పాత్రలు ఇంగ్లీషులో ధరించారు. ఆ పాత్రలకు పాట లేదు. అవి నటుణ్ణి ఆలోచించమంటాయి. షైలాకును దుర్మార్గుడుగా చూపవచ్చు. అవమానాలు పడిపడి రాయి అయిపోయిన మనిషిగానూ చూపవచ్చు. ఎట్లా చూపాలో నటుడు తేల్చుకోవాలి. ఆ అలవాటుతో ఆయన తిరిగి మన పురాణ పాత్రల దగ్గరికి వచ్చారు. హిరణ్యకశిపుడు రాక్షసుడే, కాని కన్నతండ్రి కూడా. దుర్యోధనుడు దురహంకారే, కాని రాజు, స్నేహితుడు, అభిమాని కూడా. కేకలు వేసే గొంతుకు ఈ రెండో ముఖం పట్టుబడదు. ఆగి, తగ్గి, తనలో తాను తర్కించుకునే నటుడికే పట్టుబడుతుంది.

రెండో కారణం కోర్టు. 1905లో లా పట్టా పొంది ఆయన క్రిమినల్ ప్లీడరుగా ప్రాక్టీసు పెట్టారు. పబ్లిక్ ప్రాసిక్యూటరుగానూ పనిచేశారు. క్రిమినల్ కోర్టు మనుషుల్ని దగ్గరగా చూపే బడి. అబద్ధం చెప్పేవాడు గొంతు పెంచుతాడనుకుంటాము, చాలాసార్లు తగ్గిస్తాడు. కొడుకును పోగొట్టుకున్న తల్లి సాక్షిబోనులో రాగం తీయదు. తేదీలు తప్పకుండా చెప్పడానికి ప్రయత్నిస్తుంది. ఇన్నేళ్ళు ఇవి చూసిన మనిషికి రంగం మీది ఏడ్పులు కృత్రిమంగా తోచడంలో వింత లేదు.

కోలాచలంవారి విజయనగర పతన నాటకంలో పఠాను రుస్తుం పాత్ర రాఘవకు గొప్ప పేరు తెచ్చింది. హిందీలో ఆడిన 'దీనబంధు కబీర్'లో కబీరు వేషం ఇంకొక మెట్టు. ఆ నాటకాన్ని 1927లో, నందికొండలలో విశ్రాంతి తీసుకుంటున్న కాలంలో గాంధీజీ చూశారు. పఠానునూ, కబీరునూ ఒకే నటుడు మనుషులుగా నిలబెట్టడం చిన్న విషయం కాదు. కొండ మీది దర్గాకు రెండు మతాలవారూ మొక్కుకునే మౌలాలి వంటి చోట కూర్చుని రాసేవాడికి అది మరింత బాగా తెలుస్తుంది. 1928లో ఆయన ఇంగ్లండు వెళ్ళి అక్కడి రంగస్థలాన్ని చూసి వచ్చారు. బెర్నార్డ్ షాను కలుసుకున్నారు. తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు, నాలుగు భాషల్లో నటించిన మనిషి ఆయన.

వకీలు కనుక

అభిమానులు ఆయన త్యాగాన్ని చెబుతారు. నాటకానికి డబ్బు తీసుకోలేదు; వచ్చిన వసూళ్ళు ప్రజోపయోగమైన పనులకు ఇచ్చారు. ఇది నిజం, గౌరవించవలసిన నిజం. కాని విమర్శకుడు ఇంకొక అడుగు వేయాలి. ఆయన డబ్బు తీసుకోకుండా ఉండగలిగారు, ఎందుకంటే కోర్టు ఆయనకు అన్నం పెట్టింది. కాంట్రాక్టరు మీద ఆధారపడి బతికే నటుడు "నేను ఈ పద్యం సాగదీయను" అంటే మరుసటి నాటకానికి పిలుపు రాదు. రాఘవ అనగలిగారు. ఆయన స్వేచ్ఛకు ఆధారం ఆయన వృత్తి.

దీనివల్ల రెండు ఫలితాలు వచ్చాయి. మొదటిది, కొత్త పద్ధతిని నిర్భయంగా ప్రయోగించడానికి ఒక మనిషి దొరికాడు. రెండోది, ఆ ప్రయోగం ఎక్కువగా ఆ ఒక్క మనిషి దగ్గరే ఆగిపోయింది. బండా కనకలింగేశ్వరరావు వంటి శిష్యులు వచ్చారు. ఆయనా వకీలే కావడం గమనించండి. కాని పొట్టకూటికి నటించేవారిలోకి ఆ పద్ధతి పాకలేదు. ఎందుకంటే వారి అన్నం రాగంలోనే ఉంది. కళాపద్ధతి మారాలంటే కళాకారుడి బతుకు మారాలన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కరలేదు.

స్త్రీ పాత్రను స్త్రీయే ధరించాలి

ఆ రోజుల్లో రంగం మీద స్త్రీ పాత్రలు చాలావరకు పురుషులవే. ఈ విషయంలో సురభివారిని మరవకూడదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజాలలో స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించారు. అయితే వారు నాటకమే బతుకైన కుటుంబాలు. చదువుకున్న, 'మర్యాదస్తులు' అనిపించుకున్న ఇళ్ళ స్త్రీలు ముఖానికి రంగు వేసుకోవడం మాత్రం అప్పటి సంఘానికి సహించరానిది.

ఇంకొకవైపు, పురుషుడు స్త్రీ పాత్ర ధరించే కళ అప్పటికి శిఖరానికి చేరింది. స్థానం నరసింహారావు సత్యభామను చూడటానికి స్త్రీలు సైతం వచ్చి ఆ నడకను, ఆ చీరకట్టును పరీక్షగా చూసేవారని ప్రతీతి. స్థానంవారి ప్రతిభను ఎవరూ కాదనలేరు. కాని రాఘవ అడిగిన ప్రశ్న ప్రతిభ గురించి కాదు. నటన అనుభవం నుంచి పుట్టాలన్న మాట నిజమైతే, స్త్రీ అనుభవం స్త్రీది కాదా? అందుకని ఆయన చదువుకున్న స్త్రీలను రంగం మీదికి ఆహ్వానించారు. కొమ్మూరి పద్మావతీదేవి ఆయన సరసన నటించారు. ఒక పెద్ద వకీలు, నలుగురిలో పేరున్న మనిషి, తన పక్కన నిలబెట్టి గౌరవించడం వల్ల నిందలు కొంతైనా తగ్గాయి. పేరు ప్రతిష్ఠలను ఆయన సద్వినియోగం చేసిన సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

రచయిత రాలేదు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. పాట వద్దు, మాట కావాలన్నాడు నటుడు. సరే, ఆ మాట ఎవరు రాశారు?

గురజాడ 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది, 1909లో పెంచి రాసిన రెండో కూర్పు వచ్చింది. వాడుక భాషలో, వచనంలో, బతికున్న మనుషులతో నాటకం ఎట్లా రాయవచ్చో అప్పటికే తేలిపోయింది. రాఘవ లా చదువు పూర్తిచేసి నాలుగేళ్ళయినా కాలేదు. తరువాతి రచయితలు ఆ దారిన నడిచి ఉంటే, యౌవనంలో ఉన్న ఆ నటుడి చేతికి ఏటా ఒక మంచి వచన నాటకం వచ్చి ఉండవలసింది. అట్లా జరగలేదు. సంస్కరణను ప్రబోధించిన సాంఘిక నాటకాలు కూడా పద్యాన్ని వదలలేదు. వేశ్యా వ్యామోహాన్ని ఖండించే నాటకంలో వేశ్య పాటే జనాకర్షణ. వరకట్నాన్ని ఖండించే నాటకంలో పెళ్ళికూతురి దుఃఖం పద్యంలో పొంగేది. రచయితలు కొత్త వస్తువును తీసుకున్నారు. పాత రూపాన్ని వదలడానికి భయపడ్డారు. కాంట్రాక్టరుకు జడిసిన నటుడికీ, వీరికీ భేదం ఏమిటి?

అందువల్ల రాఘవ జీవితంలో పెద్ద భాగం తనకు సరిపడని రచనలతో పెనుగులాటలో గడిచింది. హరిశ్చంద్రుడు, రామదాసు, దశరథుడు, దుర్యోధనుడు: ఈ పాత్రలన్నీ పద్యాల మీద నిలబడ్డవి. పద్యం తీసేస్తే మిగిలేది సందర్భం మాత్రమే. ఆ ఖాళీని ఆయన కళ్ళతో, మౌనంతో, నడకతో నింపారు. రచయిత చేయవలసిన పని నటుడు చేశాడు. అది ఆయన గొప్పతనం. మన నాటక సాహిత్యానికి మాత్రం అది అభిశంసన.

ఆ లోటు ఒకసారి తీరింది. పి.వి. రాజమన్నారు, తరువాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, సంగీత నాటక అకాడమీ తొలి అధ్యక్షుడు, 'తప్పెవరిది' అనే నాటకం రాశారు. ఇబ్సెను ప్రభావం ఉన్న రచన. పురాణం లేదు, పద్యం లేదు. ఇల్లు, దాంపత్యం, అందులో స్త్రీ స్థానం, పేరులోనే ఉన్న ప్రశ్న. రాఘవ దాన్ని రంగం మీదికి తెచ్చారు. అప్పటికి ఆయనకు దాదాపు యాభయ్యేళ్ళు. తన నటనకు తగిన మాట దొరకడానికి ఒక నటుడు యాభయ్యేళ్ళు రావడం దాకా ఆగవలసి వచ్చింది.

తెర మీద

సినిమాకు ఆయన ఇంకా ఆలస్యంగా వచ్చారు. చేసినవి మూడు చిత్రాలు: 'ద్రౌపదీ మానసంరక్షణం' (1936), 'రైతుబిడ్డ' (1939), 'చండిక' (1940). ఈ మూడూ మూడు పాఠాలు.

1936లో ఒకే కథతో రెండు చిత్రాలు పోటీపడ్డాయి. 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, కన్నాంబ ద్రౌపది. 'మానసంరక్షణం'లో రాఘవ దుర్యోధనుడు, సురభి కమలాబాయి ద్రౌపది, బండా కనకలింగేశ్వరరావు కృష్ణుడు. మొదటిది గెలిచింది, రెండోది ఓడింది. ఒక చిత్రం ఓడటానికి కారణాలు అనేకం ఉంటాయి. అన్నిటినీ నటన మీద పెట్టలేము. కాని ఒక మాట చెప్పక తప్పదు. ముఖంలోని చిన్న కదలికను కూడా పట్టుకోగల కెమెరా రాఘవ వంటి నటుడి కోసమే పుట్టిందనిపిస్తుంది. ఆ కెమెరాను తీసుకువెళ్ళి మనవారు మళ్ళీ పద్యనాటకం ముందు నిలబెట్టారు. యంత్రం కొత్తది, రచన పాతది.

'రైతుబిడ్డ' సంగతి వేరు. గూడవల్లి రామబ్రహ్మం అప్పటికే 1938లో చలం కథతో, తాపీ ధర్మారావు మాటలతో 'మాలపిల్ల' తీసి అస్పృశ్యత ప్రశ్నను తెర మీదికి తెచ్చారు. మరుసటి ఏడాది ఆయన రైతు ప్రశ్నను తీసుకున్నారు. ఆ కాలం గుర్తు చేసుకోవాలి. 1937లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చింది. జమీందారీ రైతుల స్థితిని విచారించడానికి ప్రకాశంగారి అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన రక్షణ యాత్ర చేశారు. రైతు అనే మాటకు రాజకీయార్థం వచ్చిన రోజులవి. ఆ వేడిలోంచి పుట్టిన చిత్రం 'రైతుబిడ్డ'. త్రిపురనేని గోపీచంద్ దానికి రచన చేశారు. కొసరాజు పల్లె పలుకుబడితో పాటలు కట్టారు. అప్పు, భూమి, వోటు, ఈ మూడింటి మధ్య నలిగే చిన్న రైతు నర్సిరెడ్డి పాత్ర రాఘవది.

మాట దొరికింది. పౌరాణిక కిరీటాలు మోసిన నటుడు తలపాగా చుట్టాడు. ఆయన పుట్టిన సీమ, ఆయన కోర్టులో రోజూ చూసిన మనిషి, ఆ కరువు నేల రైతే ఈ నర్సిరెడ్డి. జమీందారు మనిషికి కాక తనకు నచ్చినవాడికి వోటు వేసినందుకు కష్టాల పాలయ్యే రైతు, పద్యం పాడి తన బాధ చెప్పుకోనక్కరలేదు. జీవితం నుంచి వస్తువు, వాడుక నుంచి మాట, అనుభవం నుంచి నటన, ఈ మూడూ మన సినిమాలో కలిసిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

చిత్రాన్ని జమీందారులు సహించలేదు. బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాల నుంచి వ్యతిరేకత వచ్చింది. ప్రదర్శనలకు ఆటంకాలు, నిషేధాలు వచ్చాయి. ఇక్కడ ఒక విచిత్రాన్ని కూడా దాచకుండా చెప్పాలి. ఆ చిత్రం తీసిన సారథి సంస్థకు పెట్టుబడి చల్లపల్లి రాజాది, ఆయనా జమీందారే. జమీందారుల మధ్య రాజకీయ వైరాలు కొంత పాత్ర వహించి ఉండవచ్చు. అయినా పెట్టుబడి ఎవరిదైనా, తెర మీద రైతు రైతుగానే మాట్లాడాడు. కళలో ఇటువంటి సందులు ఉంటాయి. వాటిని ఉపయోగించుకోవడం తెలిసినవాడే మంచి దర్శకుడు, మంచి రచయిత.

మరుసటి ఏడాది 'చండిక'. కన్నాంబ ప్రధాన పాత్ర. రాజులూ, కోటలూ, కుట్రలూ. నర్సిరెడ్డి తరువాత మళ్ళీ పాత లోకం. అంతటితో రాఘవ సినిమా జీవితం ముగిసింది. పరిశ్రమకు ఆయన అవసరం లేకపోయింది. ఆయనకూ దానితో పని లేకపోయింది.

ఏడాది తేడా

రాఘవ 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరులో కలిసింది. రాఘవను మన పాఠ్యపుస్తకాలు మరవడానికి అది కూడా ఒక చిన్న కారణం కావచ్చు. రెండు భాషలవారూ తమవాడనదగిన మనిషి, రెండిళ్ళ చుట్టం చందాన ఎవరికీ పూర్తిగా కాకుండా పోయాడు. అయినా బళ్ళారిలో ఆయన పేర కళామందిరం ఉంది. మరవని ఊరు అదొక్కటి.

ఆయన చివరి రోజుల్లోనే తెలుగు రంగస్థలం మీద ఒక కొత్త శక్తి లేస్తున్నది. 1943లో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. అదే కాలంలో ప్రజానాట్యమండలి పుట్టింది. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి' వచ్చింది. తెలంగాణా పల్లె, దొర గడి, వెట్టి, బేదఖలు; అంతా మనుషులు మాట్లాడుకునే మాటలో. ఊరూరా దళాలు దాన్ని ఆడాయి. ఆడినవారిలో వకీళ్ళు కొద్దిమంది; ఎక్కువమంది పొలాల నుంచి, బళ్ళ నుంచి, పనిశాలల నుంచి వచ్చినవారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

రాఘవ పోయిన మరుసటి ఏడాది ఆ నాటకం వచ్చింది. నలభయ్యేళ్ళకు పైగా మాట కోసం వెదికిన నటుడికీ, నటుల కోసం జనంలోకి వెళ్ళిన రచనకూ మధ్య ఒక్క ఏడాది తేడా. ఆయన ఒంటరిగా చేసిన వాదాన్ని ఒక ఉద్యమం చేతికి తీసుకున్నది. "నాటకంలో పాట వద్దు" అని ప్రజానాట్యమండలి అనలేదు. బుర్రకథను, జానపదాన్ని అది తిరిగి తెచ్చింది. కాని పాటను పాటగా, మాటను మాటగా ఉంచింది. ఇది రాఘవ సిద్ధాంతానికి దిద్దుబాటు, దానికి కొనసాగింపు కూడా. ఆయన ఇంగ్లీషు నాటకం చదివి పాటను అనుమానించాడు. ఉద్యమం పల్లెకు వెళ్ళి పాట చోటు ఏదో తెలుసుకున్నది.

రాఘవ పరిమితులను ఇక్కడే చెప్పుకోవాలి. ఆయన ఒక సమాజాన్ని స్థిరంగా నిలబెట్టలేదు. ఆయన పద్ధతి పాఠంగా తరువాతి తరానికి అందలేదు. ఆయన ప్రేక్షకులు ఎక్కువగా పట్టణాల చదువరులు. రచయితలను పోగుచేసి రాయించే పని ఆయన వల్ల కాలేదు. అది ఒక మనిషి పని కూడా కాదు. సంఘం చేయవలసిన పని.

మౌలాలి కుర్రవాడి దగ్గరికి తిరిగి వస్తాను. అతను దీర్ఘం ఎందుకు తీస్తున్నాడు? నేను ప్రతి తీసుకుని చూశాను. "ఈ దోపిడీ వ్యవస్థ కరకు కోరలలో చిక్కి విలవిలలాడుతున్న నా బ్రతుకు..." అని ఉంది అతని మాట. ఆ వాక్యాన్ని దీర్ఘం తీయకుండా ఎవరు మాత్రం చెప్పగలరు? పని పోయిన కూలీ ఎవడైనా అట్లా మాట్లాడతాడా? పద్యం పోయింది గాని, పద్యం ధోరణి పోలేదు. వృత్తం బదులు వచనం వచ్చింది. రాక్షసుడి బదులు వ్యవస్థ వచ్చింది. మనిషి మాత్రం ఇంకా రాలేదు. పెద్దాయన కుర్రవాణ్ణి మందలించారు. మందలించవలసింది రాసినవాణ్ణి.

నేను ఆ వాక్యం కొట్టేసి, "నీకు పని పోయిందని తెలిసిన రోజు ఇంట్లో మొదట ఏం మాట్లాడతావు?" అని అడిగాను. అతను కొంచెం ఆలోచించి, "అన్నం పెట్టమంటాను సార్. తినేదాకా చెప్పను" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో ఏ రాగమూ లేదు. హాలులో అందరూ నిశ్శబ్దంగా విన్నారు.

రాఘవ నటించదలచుకున్న నాటకం ఆ వాక్యం దగ్గర మొదలవుతుంది. రాయడం మన వంతు.